పూచీ

క్లాక్స్‌విక్ రేవులో రాత్రి పదకొండున్నర.
బిల్డ్ పూర్తయింది.
మూడువందల పన్నెండు పరీక్షలూ పచ్చగా వెలిగాయి,
కాడ్ చేపల తూకం దశాంశం దాకా సరిపోయింది.
మూట కట్టేశాం. ఇక మిగిలింది
కొత్త సర్వర్‌కి అప్పజెప్పడమే.
గోడకి అవతల, పదడుగుల దూరం.

ఆ పదడుగుల్లో ఆగిపోయింది.

ఎదుటివాడి సర్టిఫికెట్ మీద సంతకం
నాకు తెలిసినవాళ్లది కాదు, అంది బిల్డ్ పనిముట్టు.
కోపమేం లేదు దాని గొంతులో.
నలభై ఎర్ర వరుసలు,
అన్నిట్లోనూ ఒకటే ప్రశ్న:
వీడికి పూచీ ఎవరు?

బైనిర్ నా భుజం మీంచి తొంగి చూశాడు,
దవడలో ఎండుమాంసం ముక్క నానుతోంది.
"తనిఖీ తీసెయ్ రాన్‌వా, ఒక్క వరుస.
ఎవరొచ్చినా నమ్మెయ్ అని రాసెయ్.
ఐదింటికి ఆరు పడవలు కదలాలి."

ఒక్క వరుసే, నిజం.
నా వేళ్లకి కంఠతా వచ్చు.
పోయిన ఉద్యోగంలో రాశాను,
పక్కనే 'తాత్కాలికం' అని కూడా పెట్టాను.
ఏడేళ్లు. ఆ తాత్కాలికం
ఇంకా అక్కడే కాపురం చేస్తోందట.

పాత ఫోల్డర్లో మూల సర్టిఫికెట్ దొరికింది.
పేరు: చివరిది, నిజంగా చివరిది, రెండు.
ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో.
మా దీవుల్లో గొర్రె ఎవరిదో చెవి కోత చెబుతుంది.
కత్తి ఉన్న ప్రతివాడూ కోయగలడు,
ఆ కోత ఫలానా ఇంటిదని
ఊళ్లో ఒకరైనా ఎరిగుండాలి.

హానుస్‌కి ఫోన్ చేశాను.
రిటైరై కునోయ్‌లో ఉంటున్నాడు,
మెలకువగానే ఉన్నాడు, గాలానికి తాడు పేనుకుంటూ.
"కాగితం బిస్కెట్ల డబ్బాలో ఉంది, ఉండు."

వేలిముద్ర అంటారు దాన్ని,
ముప్పైరెండు జంటల అంకెలూ అక్షరాలూ.
హానుస్ కుడి చూపుడువేలికి కొస లేదు,
కుర్రతనంలో పడవ మీది వించ్ తినేసింది.
ఆ మొండివేలే ఒక్కో జంట మీదా ఆనించి
చదువుతున్నాడు, టక్, టక్, బల్ల చప్పుడు వినబడుతోంది:
ఏడు ఎఫ్.
సున్నా మూడు.
బి తొమ్మిది.

పంతొమ్మిదో జంట దగ్గర ఆగాడు.
"టీ మరక. ఎనిమిదో, బియో."
నా తెరమీద ఉంది జవాబు.
నోటి చివరిదాకా వచ్చింది.
"నువ్వు చెప్పకు," అన్నాడు ముసలాయన.
"నువ్వు చెబితే నాకూ అదే కనబడుతుంది."

భూతద్దం వెతుకుతున్న చప్పుడు.
సొరుగు. ఇంకో సొరుగు. దగ్గు.
బైనిర్ గడియారం చూశాడు, ఏమీ అనలేదు.

"ఎనిమిది."

నమ్మకాల పెట్టె తెరిచాను.
తాళం మాట ఫ్యాక్టరీలో పెట్టిందే:
'దీన్ని మార్చండి' అని.
పద్నాలుగేళ్లుగా ఎవరూ మార్చలేదు.
మొదట తప్పు పెట్టెలో వేశాను,
బిల్డ్ పనిముట్టుకి సొంత పెట్టె వేరే ఉందని
ఇరవై నిమిషాల తర్వాతగానీ తట్టలేదు.
ఈ పత్రాన్ని నమ్మాలా? అని అడిగింది.
ముందుగానే వేసి ఉంచిన జవాబు: వద్దు.
దాన్ని కాదని
అవును అని మనిషే కొట్టాలి,
ఒక్కో అక్షరం.

మూట వెళ్లిపోయింది. నాలుగు సెకన్లు.

హానుస్ ఇంకా లైన్లోనే ఉన్నాడు.
"గడువు ఎంతవరకు ఉంది?"
చెప్పాను.
వేళ్లు లెక్కపెట్టుకున్నాడు కాబోలు, కాసేపు మాట లేదు.
"అప్పటికి నాకు తొంభై ఒకటి.
ఇంకో కాగితం అచ్చు తీసుకో రాన్‌వా,
నీ డబ్బాలో పెట్టుకో.
టీకి దూరంగా."